లంక ముసాయిదా

ఢిల్లీలో రాజ్యాంగం ఇంకా రాస్తూనే ఉన్నారు.
ఒక్కో మాట దగ్గర ఆగుతున్నారనీ
కొట్టేసి మళ్ళీ రాస్తున్నారనీ
లాకుల దగ్గరి కాఫీ హోటలుకి
రెండ్రోజులు ఆలస్యంగా వచ్చే పేపరు చెప్పేది.
అది పూర్తికాకముందే నాకు తాఖీదు అందింది:
ఇరవయ్యొకటి నిండిన ప్రతి మనిషినీ రాయాలి.
ఆడా మగా తేడా లేదు. వేలిముద్ర వాళ్ళయినా సరే.
పొయ్యి రాజేయకముందే
విస్తళ్ళు లెక్కపెట్టమన్నట్టు.

వైశాఖం. పంటు దిగితే ఇసక కాలుతోంది.
చినదిబ్బలంక. పొగాకు తోట, రెల్లు,
నలభై పాకలు.
తలుపుల మీద నంబర్లు వెయ్యమని
తారు డబ్బా, కుంచె ఇచ్చి పంపారు.
తలుపుల్లేవు.
వరదకి పాక ఎత్తి పక్కన వేసుకునేవాళ్ళకి
తలుపెందుకు?
కొందరికి పడవ ముక్కు మీద వేశాను,
కొందరికి నీళ్ళ కాగు మీద.

"ఓటంటే?" అన్నాడు రేవు నడిపే ఓలేటి అంకాలు.
చెప్పాను.
"ఓటు పడవ ఒకటి ఉంది కదండీ నాకు,
దాన్ని తోడలేకే చస్తన్నాను" అన్నాడు.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
జవాబు మాత్రం ఆ తాఖీదులో లేదు.

పద్నాలుగో నంబరు కాగు వెనక నిలబడింది ఆవిడ.
పేరు?
"ఎంకటేసు వాళ్ళమ్మనండి."
మీ పేరు?
"అంటే... మా ఆయన పేరు నే చెప్పకూడదండి."
మీదే, మీ సొంత పేరు.
చాలాసేపు ఇసకలోకి చూసింది,
పడిపోయిన ముక్కుపుడక వెతుకుతున్నట్టు.
"పేరంటాలని పెట్టిందండి మాయమ్మ.
పిలిచినోళ్ళు లేరు."
రాశాను. అక్షరాలు ఆరాక
వేలితో తాకి చూసుకుంది.

అంత ఓపిక అందరి దగ్గరా పట్టలేదు నేను.
పొద్దు వాలుతోంది, పంటు కేకేస్తోంది.
దావీదు తల్లి, సత్తియ్య భార్య,
పెద్ద సూరి కోడలు అని
తొమ్మిది వరసలు గబగబా నింపేశాను.
ఆనక ఇంకో తాఖీదు వచ్చింది:
సొంత పేరు లేని వరసలు చెల్లవు.
రూళ్ళకర్ర పెట్టి, ఎర్రసిరాతో
నేనే కొట్టేశాను. గీతలు తిన్నగా వచ్చాయి.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
గోదారీ ముసాయిదా రాస్తుంది ఏటేటా,
దానికి కొట్టివేతలే ఎక్కువ.
మూడు రాత్రుల్లో చినదిబ్బలంక
పైనించి కోసుకుంటూ వెళ్ళిపోయింది.
మనుషులు ఏటిగట్టు మీదికి చేరారు.
జాబితా మాత్రం తాలూకా ఆఫీసు బీరువాలో
చెమ్మ తగలకుండా ఉంది,
లేని ఊళ్ళో నలభై ఇళ్ళతో.

రిపబ్లిక్ అయ్యామని
బడిలో బెల్లం అటుకులు పంచిన రోజు
నాకు ఆ ఇళ్ళు గుర్తు రాలేదు.
అబద్ధమెందుకు.

రెండేళ్ళు పోయాక, చలి పొద్దున,
గట్టు మీది బడిలో పెట్టెలు వరసగా పెట్టారు.
నేను జాబితా పట్టుకుని కూచున్నాను.
రెండు పడవల్లో వచ్చారు లంకవాళ్ళు.
"ఇంటి నంబరు?" అన్నాడు కొత్త ఆఫీసరు.
పేరంటాలు కొంగు ముడి విప్పి పెంకు తీసింది.
పగిలిన కాగు పెంకు.
దాని మీద తారు అంకె, నా చేతిరాతే.
"ఈ ఇల్లెక్కడమ్మా?"
కిటికీలోంచి ఏటి నడుమకి చూపించింది.
అక్కడ ఒక కొంగ కూడా లేదు.
ఆఫీసరు నా వైపు చూశాడు.
పేరుందండి, అన్నాను.

ఆవిడ వెనక తొమ్మిదిమంది.
ఎవరి పేరు వాళ్ళు, ఈసారి, అడక్కుండానే చెప్పారు
గట్టిగా, ఒకరి తర్వాత ఒకరు.
ఎలా నేర్చుకున్నారో, ఎన్నాళ్ళు అనుకున్నారో.
పేజీ తిప్పాను. మళ్ళీ తిప్పాను.
ఎర్రగీతల కింద ఏమీ కనపడదు.
"వచ్చేసారి" అన్నాను.
ఆఫీసరు కాదు, ఆ మాట నేనే అన్నాను.

సాయంత్రం రేవులో చూశాను.
పది మందీ ఒకే పడవలో, తడికి దగ్గరగా.
అంకాలు డొప్పతో నీళ్ళు తోడిపోస్తున్నాడు.
ఎవరూ మాట్లాడటం లేదు.
పేరంటాలు సిరా వేలుని
పిడికిట్లోకి మడిచి
కొంగు కింద దాచుకుంది.