రెండు పౌండ్లు

కొలోన్ రేవులో చేపల కాటాలన్నీ చూసుకుని
పదకొండో వీధి జిమ్‌కి చేరేసరికి
తోపుడుబండిలో ఇనుప రాళ్ళు, నా చెప్పులకి పొలుసులు.
ఏడాదికోసారి తూచి ముద్ర వెయ్యడం నా ఉద్యోగం.
ఈ కాటాకి ఆఖరి ముద్ర ఎప్పుడు పడిందో
ఆ కాగితం తిన్న చెదలకే తెలియాలి.

గుమ్మంలోనే పోట్లాట.
మంగలి గిట్టెన్స్, బాక్సర్ల లాగులు కుట్టే లిసాండ్రో,
మధ్యన డొమినో బల్ల.
ఆరూ ఆరూ ఉన్న బిళ్ళ బ్రాత్‌వెయిట్ అట,
కాలవ తవ్వినవాళ్ళ కొడుకు, మట్టిలో కలిసి యాభై ఏళ్ళు.
చుక్కల్లేని బిళ్ళ ఆర్చిబోల్డ్ అట,
వాడి దెబ్బ వాడి నీడక్కూడా ఆలస్యంగా తెలిసేదట.
ఇద్దరూ నూట ముప్ఫై అయిదు పౌండ్లవాళ్ళే.
ఒకడు గ్లవ్స్ మేకుకి తగిలించేనాటికి
ఇంకొకడు ఉగ్గు తాగుతున్నాడు.

"గుర్రపు వెంట్రుకల గ్లవ్స్ వేయించు,
మూడో రౌండుకి మీవాడు పళ్ళేరుకుంటాడు."
"ముందు తగలాలిగా! మీవాడు చెట్టు నరికినట్టు కొడతాడు.
మావాడు చెట్టు కాదు."
"పదిహేను రౌండ్లు."
"ఇరవై పెట్టుకో."
"రిఫరీ?"
రిఫరీ ఏ కాలంవాడై ఉండాలో తేలక
ఇద్దరూ కాసేపు కాఫీ తాగారు.

ఆర్చిబోల్డ్ నడుము లిసాండ్రోకి ఇంకా గుర్తు.
మామూలప్పుడు ఇరవై ఎనిమిదిన్నర, పోటీ రోజున ఇరవై ఏడు.
టేపు అబద్ధమాడదన్నాడు నావైపు చూసి,
ఇద్దరం ఒకే గూటి పక్షులమన్నట్టు.

మూలన యదీర్ అనే కుర్రాడు
చెత్తసంచికి కన్నాలు చేసి తొడుక్కుని
తాడు తిప్పుతూ గెంతుతున్నాడు.
పక్కన గ్లాసులో ఉన్నవి నీళ్ళు కావు.
ఉమ్మినా బరువు తగ్గుతుందని ఎవరో చెప్పారట.
వాడికి రేపు పొద్దున్నే తూకం.

మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పేర్చాను.
యాభై. వంద. తర్వాత చిన్నవి.
నూట ముప్ఫై మూడు పెడితే
ముల్లు నూట ముప్ఫై అయిదంటోంది.
దించి, తుడిచి, మళ్ళీ పేర్చాను.
మళ్ళీ అదే మాట.
అడుగున మీట అంచు అరిగింది. నిన్నటి అరుగుదల కాదు,
బ్రాత్‌వెయిట్ పాదాలనాటిది కావచ్చు.
దీనిమీద సరిపోతేనే పనామా సిటీ రైలెక్కనిచ్చేవారట.
అక్కడి తూకంలో తక్కువొస్తే
రైల్లో చెమట పట్టిందిలే అనుకునేవారట.

చెప్పాను.
ఈ కాటా రెండు పౌండ్లు ఎక్కువ చూపిస్తోంది, ఎప్పట్నించో.
అంటే ఇక్కడి పిల్లలంతా
ఎవరూ అడగని రెండు పౌండ్లు
తమ ఒంట్లోంచి కోసిచ్చారు.

గిట్టెన్స్ టోపీ తీశాడు.
"ఇరవై ఏడు," అన్నాడు లిసాండ్రో, ఎవరితోనో కాదు.
మరకైబోలో, పద్నాలుగో రౌండులో,
దెబ్బ తగలకుండానే ఆర్చిబోల్డ్ మోకాళ్ళు వంగిన రాత్రి గురించి
ఈ ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడరు.
డబ్బు పుచ్చుకున్నాడన్నారు.
మా నాన్న కూడా అన్నాడు.

రెండు పౌండ్లంటే ఎంత?
చేపల బజారులో అయితే నాకు తెలుసు,
తలతో సహా ఒక కొర్వీనా.
ఇక్కడ ఎంతో
నా దగ్గర రాయి లేదు.

"వాడివి వాడికి తిరిగిచ్చేస్తే," మెల్లిగా మొదలెట్టాడు లిసాండ్రో.
"మావాడికీ ఇవ్వాలి," అన్నాడు గిట్టెన్స్.
బిళ్ళలు మళ్ళీ బల్ల మధ్యకొచ్చాయి.
మళ్ళీ మొదటి రౌండు.

తాడు చప్పుడు ఆగి ఎంతసేపయిందో.
"అయితే," అన్నాడు కుర్రాడు, అతుక్కుపోయిన పెదాలు విడదీస్తూ,
"తాగొచ్చా?"
నా సీసా ఇచ్చాను.
గటగటా ఎత్తేస్తాడనుకున్నాను. ఎత్తలేదు.
సీసాతో సహా కాటా ఎక్కి
ముల్లుని చూస్తూ ఒక గుక్క.
ఆగి, చూసి, ఇంకో గుక్క.
నీళ్ళు సీసాలోంచి వాడిలోకి దిగుతున్నాయి,
ముల్లు కదలదు.
నమ్మలేనట్టు నావైపు చూశాడు.
ముద్ర సంచిలోనే ఉండిపోయింది.
తాగమన్నాను.