నల్లంగి

చిలకపచ్చ అంగి ఏసుకొచ్చినవ్ సుమంతూ,
మంచిగనే ఉంది,
మీ అక్క పెండ్లికి ఏసుకో.
రేపు నర్సంపేటల మాత్రం వద్దు.

పచ్చది పక్కన నిలవడితే
పెండ్లిపిల్ల చెంపకు పచ్చదనమెక్కుతది,
పసుపు కాదు, పాచి రంగు.
తెల్లది లైటునంత తెచ్చి
అత్తగారి మొకాన కొడ్తది.
గళ్ళంగి ఇంకో కెమెరల పడ్డదంటే
తెరమీద చీమలు పారుతయ్.
ఎర్రది అసలే వద్దు,
ఆ దినం ఎరుపు ఒక్కదాని సొత్తు.

నల్లది ఏసుకో.
కొత్తది కాదు, పది ఉతుకులు పడి
మెరుపు పోయి బొగ్గుతీరు అయినది.
లోపట బనీను మర్వకు,
తలంబాల కాడ వంగుతవ్, లేస్తవ్,
నడుం కనబడొద్దు.
చేతి కడెం తీసెయ్, మైకుల టంగుమంటది.
దస్తీలు రెండు. కుడి జేబుది లెన్సుకు,
ఎడమ జేబుది నీ చెమటకు.
అటుదిటు అయిందా, ఇగ పెండ్లంత పొగమంచే.
సాక్సులు చిరుగులేనివి చూసుకో.
మండపం ఎక్కంగ బూట్లు ఇడుస్తం గద,
హసన్‌పర్తి పెండ్లిల
పిలగాడు మెట్టెలు తొడిగే షాట్ల
పక్కకు నా బొటనవేలు కూడ ఉండె,
సాక్సుల నుంచి తొంగిచూసుకుంట.
ఆ ఊళ్లె ఇప్పటికీ నవ్వుతరు.

మా ఉస్తాదు రాజమొగిలి అంటుండె,
"మనం గోడ మీది నీడ తీరు ఉండాలెరా,
నీడను ఎవడన్న బువ్వకు పిలుస్తడా?"
ఇరవై రెండేండ్ల సంది నేను నీడనే.
ఎనిమిది వందల పెండ్లిలు తీసిన,
ఒక్క దాంట్ల లేను.
నా పెండ్లిల కూడ
కెమెరా ఇటు తిరిగినప్పుడల్ల పక్కకు జరిగిన్నని
మా రజిత ఇప్పటికీ తిడ్తది.

తిట్లు కూడ ఉంటయ్ నల్లంగికి.
పోయిన మాఘంల, పరకాల దగ్గర,
పెండ్లిపిల్ల అమ్మమ్మ దర్వాజకు అడ్డం నిలవడ్డది,
"శుభమా అని పెండ్లి చేస్తుంటే
గీ కాకి రంగేందిరా కొడుకా?"
ఏమంటం. తలకాయ వంచిన.
ఐరేని కుండల కాడికి పోయి
ఏలితోని పసుపు తెచ్చి
నా కాలరు కొసకు రాసింది.
"ఇగ పో. ఇగ నువ్వు కూడ మా సుట్టపోనివే."

పిల్ల తండ్రి వీరమల్లు,
ఏనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాకు రూపాయి రూపాయి కొట్లాడే మనిషి.
డ్రోను పైసలు తగ్గియ్యమని
నాతోని మూడు దినాలు బేరం.
పెండ్లంత రాయి తీరు తిరిగిండు,
వంటోని మీద ఒర్రిండు,
జనరేటరోని మీద ఒర్రిండు.

అప్పగింతలు.
పిల్ల చేతులు పాలల్ల ముంచి
అత్తచేతిల పెడుతున్నరు.
నేను దగ్గరి షాట్ల ఉన్న, ఊపిరి బిగవట్టి.
తండ్రి కనబడడు.
ఫ్రేమంత దేవులాడిన, లేడు.
అప్పుడు నా వీపుకు ఏదో ఆనింది, బరువుగ.
మొకం.
రెండు చేతులతోని అంగి గుంజి పట్టుకొని
సప్పుడు రాకుండ
గోడను పట్టుకున్నట్టు పట్టుకున్నడు.

నేను కదలలే.
కెమెరా కదిలింది.
తొమ్మిది సెకండ్లు పాలగిన్నె వణుకుతది అందుల.
ఎడిటింగ్ కాడ యాకూబ్ కోసేద్దామన్నడు.
వద్దన్న.
ఎందుకన్నడు.
చెప్పలే.

కొంచెం సేపటికి తల ఎత్తి
"మిర్చి గాటు చేతులకు ఉండె, కండ్లల్ల పడ్డది"
అన్నడు వీరమల్లు, నా మొకం చూడకుండ.
వీపంత తడి.
నల్లంగి గద, ఎవ్వలకు కనబడలే.

ఈ సంగతి రాజమొగిలి నాకు చెప్పలే.
ఆయనకు ఎరుకనో లేదో.

వీరమల్లు ఇంక రెండు వేలు బాకీ.
అడుగుదామని ఫోను తీస్త, మళ్ల పెట్టేస్త.
కాలరు మీది పసుపు
ఆరేసిన ఎండకు ఎప్పుడో పోయింది.

సరే, పొద్దుగాల నాలుగింటికి చౌరస్తాల ఉండు.
అంగి ఒక సైజు పెద్దదే తీసుకో.
వెనుక
జర జాగ ఉండాలె.