ఒంటె అందని ఎత్తు

మా ఊర్ల జమ్మి అంటే కొమ్మ.
పండుగ పొద్దు ఎవడో ఏడికెల్లో కొట్టుకొచ్చి
బడి ముంగట గుంత తీసి నాటేటోడు.
తెల్లారేసరికి ఆకు మిగలకపోయేది,
ఒట్టి కట్టె, మేకలకు సుత పనికిరాక.
నిండు చెట్టు ఎట్లుంటదో
నలభై ఏండ్లొచ్చినా నాకు ఎర్క లేదు.

ఇక్కడ, అల్ కామిల్ దాటినంక,
ఇసుక దిబ్బలు మీది మీదికొస్తుంటే
వాటికి అడ్డం నిలబడ్డది అడవి.
అడవి అంటే మన తీరు చీకటి గాదు.
చెట్టుకూ చెట్టుకూ నడుమ ఎండ తిరుగుతది.
కింది కొమ్మలన్నీ దారం పట్టి కత్తిరించినట్టు
ఒక్క గీత మీద ఆగిపోతయి:
మెడ అందేదాక ఒంటె తిన్నది,
అందనిది నీడ.

మా పని లెక్క.
రోడ్డొస్తదట. అది వచ్చే దారిల ఎన్ని చెట్లో
తీగెతోని రేకుబిళ్ల కట్టి బుక్కుల రాసుడు.
లింబాద్రి వడ్లోల్ల పిలగాడు,
బిళ్ల కట్టే ముందు ప్రతి మానునూ
వేలి కణుపుతోని కొట్టి చెవి పెడతడు.
"గొడ్డలే వెనక్కి ఎగురుతదన్నా దీని మీద.
బండి ఇరుసు చేస్తే తాత తోలి మనుమడు తోలాలె."
రెండు వందల ఆరో చెట్టు కాడ
రాలిన రెబ్బ ఒకటి కండ్ల దగ్గర పెట్టుకుని
అట్లనే నిలబడిపోయిండు.
సన్న సన్న ఆకులు, జంటలు జంటలు,
నడుమ పిల్లిగోరంత ముల్లు.
"వీళ్లు గాఫ్ అంటున్నది మన జమ్మినే."

నేను నమ్మలే.
నలిపి నాలుక మీద పెట్టిన.
చిన్నప్పుడు అంగీ జేబుల వారం రోజులుండి
ఎండిపోయిన బంగారం, అదే వగరు.

కింద మాకు కనపడని అడవి ఇంకొకటుందట.
బావి తవ్వేటోళ్లు పదిహేను నిలువుల లోతున
ఈ వేరు చూసిన్రని
మేకలు కాసే ముసలామె మూజా చెప్పింది.
రాలిన కాయ మేకకు, లేతాకు కూరకు,
ఎండిన కొమ్మ పొయ్యికి,
పచ్చి కొమ్మ మాత్రం ఎవ్వరికీ గాదట.
చెప్పుకుంటనే తన మూట ఒకటి
కర్రతోని పైకెత్తి కొమ్మకు తగిలిచ్చింది.
"రేపో ఎల్లుండో వస్త" అని పోయింది,
తాళం వేసినంత ధీమాగ.
మూటల ఏముందో మేం చూడలే.
జమ్మి మీద కట్టిన మూట
విప్పి చూసే ధైర్యం మనోళ్లల్ల ఎవనికుంటది?

ఆ చెట్టుకు బిళ్ల కట్టలే.
పొద్దుగూకినంక దాద్ కరీం బుక్కు తిరగేసి
"ఒకటి తక్కువొస్తుంది" అన్నడు.
లింబాద్రి నీళ్లు తాగుతున్నడు. ఎంతసేపు తాగిండో.
"దాని మీద మూట ఉన్నది సాబ్" అన్న.
ఆయన బలూచి, ఇసుకల పుట్టినోడు.
పెన్నుకు మూత పెట్టిండు.

తొమ్మిదో నాడు పండుగ.
క్యాంపుల పద్నాలుగు మందిమి, ఆకు తెంపొద్దనుకున్నం.
పికప్ ఎక్కి అందరం అక్కడికే పోయినం.
నేల మీదికెల్లి ఎవ్వనికీ అందలే.
బండి తొట్టిల నిలబడి, మడిమెలు లేపి,
అందిన రెబ్బను కొమ్మ మీదనే పట్టుకుని
పక్కోని చేతిని దాని మీద పెట్టినం.
పొట్టి రాజేశంను ఇద్దరం ఎత్తుకోవాల్సొచ్చింది.
నవ్వులల్ల ఎవని చేతికో ముల్లు దిగింది.

మూజా మూట అప్పటికి లేదు.
ఇంకెవరిదో నీలి సంచి ఉన్నది,
గాలికి మెల్లగ తిరుగుకుంట.