గడియ

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు.
కింది వాటా అద్దెకిచ్చి చూడమని
ఎవరూ అనలేదెందుకో.

సెయింట్ జాన్స్‌లో మార్చి వచ్చిందంటే
చలి ఇంకా సగమే అయిందని.
ఒకటో తారీఖున లాబ్రడార్ నుంచి నర్సు దిగుతుంది,
పేరు హల్దా, వెంట ఒక కుట్టుమిషను.
ఫోన్లో అడిగింది ఒక్కటే:
"రాత్రి డ్యూటీ. పగలు పడుకుంటాను, పర్వాలేదా?"
పర్వాలేదన్నాను.
ఆ మాటకి బరువెంతో అప్పటికి తెలీదు.

పందొమ్మిదేళ్లు నేనూ అద్దెకున్నదాన్నే.
మూడో ఇంటి హైన్స్ తలుపు తట్టేవాడు కాదు,
దగ్గేవాడు.
ఆ దగ్గు చెవిన పడేలోపు వంటింట్లో ఉండేవాడు,
నా ఫ్రిజ్ తెరిచి
"చల్లగానే ఉందే" అనేవాడు.

స్కూలు బస్సు తోలి, పిల్లల అరుపులు అమ్ముకుని
కొన్నాను ఈ ఇల్లు. బ్యాంకుదే, చాలావరకు.

పదిహేను రోజులుగా కిందే ఉన్నాను.
గోడ మీది చెమ్మ మరక
రెండు పూతల వెనకనుంచీ తొంగి చూసింది.
మూడోది వేశాను.
బావ సైలస్ వచ్చి ఆయిల్ ట్యాంకుని వేలితో తట్టి,
పొగ పసిగట్టే గంటకు కొత్త బ్యాటరీ వేసి,
వెళ్తూ వెళ్తూ దూలానికి నుదురిచ్చాడు.
అక్కడ పసుపు టేపు అంటించాను.
తేమ పీల్చే యంత్రం రోజుకి రెండు బొక్కెనలు నింపుతోంది.
గాలిలోంచి పిండిన ఆ నీళ్లు పారబోస్తూ
దీని కరెంటు లెక్కలో వేశానా అని అనుమానం.

చివరికి మిగిలింది మెట్లమీది తలుపు.
నా వంటింటికీ ఆమె గదులకీ మధ్య.
దానికో ఇత్తడి గడియ, నా వైపు.
ఆమె వైపు
పిడి తప్ప ఏమీ లేదు.

అలా చూస్తూ నిలబడితే
హైన్స్ దగ్గు వినిపించింది.

నాలుగు స్క్రూలు విప్పాను.
మెట్లు దిగి అవతలి వైపు బిగించాను,
తలలు అరిగిపోయేదాకా బిగించాను.
తలుపు వేసి గడియ తోశాను.
పాలమీది మీగడలా జారింది.
తియ్యబోతే రాలేదు.

తేమకి ఉబ్బిన చెక్క దాన్ని పట్టేసింది.
బయటి తలుపులోంచి దూరి, ఇంటి చెప్పులతో
మంచులో చుట్టూ తిరిగి వెళ్లాను.
ముందు తలుపుకి తాళం.
చెవులు లోపల మేకుకి వేలాడుతూ,
కిటికీలోంచి నాకు కనిపిస్తూ.

మారుతాళం మా అక్క డల్సీ దగ్గరుంది.
ఫోన్ చేశాను. నవ్వింది. నవ్వు ఆపి బయల్దేరింది.
రోడ్లమీద మంచు, రెండు గడియలు పట్టింది.

ఆ రెండు గడియలూ
నా ఇంటికి మొదటి కిరాయిదారుని నేను.

కూర్చోడానికి బోర్లించిన పెయింటు డబ్బా.
సిమెంటు నేల చలి పాదాల్లోంచి
మోకాళ్లదాకా ఎక్కి అక్కడ కాపురం పెట్టింది.
స్నానాలగదిలో కుళాయి కారుతోంది,
తొమ్మిది లెక్కపెడితే ఒక చుక్క.
పదిహేను రోజులు రేడియో పెట్టుకుని పనిచేశానేమో,
వినలేదు.
దీపం స్విచ్ తలుపు వెనకుంది,
చీకట్లో వచ్చినవాళ్లు తడుముకోవాల్సిందే.

తరవాత నెత్తిమీద బూట్లు.
ఒక్కో అడుగూ నా పుర్రెమీదే పడింది.
ఇంత చప్పుడు చేస్తామా మనం,
ఊరికే టీ పెట్టుకోడానికి నడుస్తూ?

డల్సీ పైనుంచి భుజం ఆనించి తోసింది.
"తియ్యవే!"
"రావట్లేదు."
"నీ ఇంట్లో నీకే రాదేమిటే?"
"ఈ వైపునుంచి కాదు" అన్నాను,
ఏమిటో, అదే వచ్చింది నోటికి.

తెల్లారాక గడియకి కొవ్వొత్తి మైనం రుద్దాను.
కుళాయికి కొత్త వాషరు.
స్విచ్ జరపడానికి సైలస్‌కి కబురు.
దళసరి తివాచీ ఒకటి కొన్నాను,
కిందికి కాదు, నా వంటింట్లోకి.

దాని ఖరీదు అద్దెలో కలపలేదు.
కలుపుదామా అని కాసేపు
ఆలోచించిన మాట నిజం.