దురద

ఈసల్మి ఊళ్ళో, మంచు రింకు మెట్ల కింద
హెల్వి కార్కైనెన్ కుట్టుగది.
బోర్డు లేదు. వాసనే బోర్డు:
ఆరని చెమట, తోలు, మాడిన కాఫీ,
స్కేట్లు సానబట్టిన ఇనుప పొడి.

చేతి తొడుగుల్లో ముందు చచ్చేది అరచెయ్యి.
పైన చూస్తే దిండంత మందం, గీత కూడా పడదు.
లోపల, కర్ర పట్టుకునే చోట,
బొటనవేలి మొదట్లో బొక్క.
ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని
ఎవరిదో చెప్పేస్తుంది.
"ఇది తెర్హోది. వాళ్ళావిడకి తెలీకుండా
మళ్ళీ సిగరెట్లు."
దుప్పి తోలు కత్తిరించి, మైనం పట్టిన దారంతో
కొత్త అరచెయ్యి వేస్తుంది.
అందులో గీతలు
వాళ్ళే పడేలా చేసుకోవాలి.

పుట్టుకతో కవచం ఇక్కడెవరికీ రాదు.
కొనాలి, లేదా అన్న ఎదిగిపోయేదాకా ఆగాలి.
ఈ ఛాతీ కవచం లోపల మార్కరుతో నాలుగు పేర్లు,
మూడు కొట్టేసి.
నాలుగోది సైమి. గోల్ కాస్తుంది.
భుజాల దగ్గర వదులు, మిగతా చోట బిగువు.
ఆ మాట ఎలా అనాలో తెలీక
నేలకేసి చూస్తూ నిలబడింది.
హెల్వి ఏమీ అడగలేదు. టేపు తీసింది.
"మగపిల్లల కొలతకి కుట్టారు. తప్పు దీనిదే."

శనివారం ఆట ఉంటే అభిమానులొస్తారు.
రైల్వేలో రిటైరైన ఓయ్వా
జెర్సీ బల్ల మీద పడేశాడు. "విప్పెయ్."
వీపు మీద పేరున్న కుర్రాడు
వచ్చే ఏడు కువోపియో వాళ్ళకి ఆడతాడట.
ఒక్కో అక్షరం, ఒక్కో కుట్టు ఊడదీసింది.
పదకొండేళ్ళు ఉతికిన గుడ్డ వెలిసిపోయింది.
అక్షరాల కిందిది మాత్రం కొన్ననాటి నీలం.
దారం పోయింది, పేరు
మునుపటి కన్నా బాగా కనిపిస్తోంది.
ఓయ్వా చాలాసేపు చూశాడు.
"ఎంతివ్వాలి?" అన్నాడు.
తొడుక్కునే వెళ్ళాడు.

మెడ పట్టీల పెట్టె ఒకటి బల్ల కింద ఉండేది,
ఏళ్ళ తరబడి, ఎవరూ ముట్టక.
ఉక్కపోత అనేవాళ్ళు. ముసలమ్మ మఫ్లరు అనేవాళ్ళు.
పక్ తగిలి పళ్ళు రాలితే
ఏరి జేబులో వేసుకుని నవ్వే మనుషులు.

ఆ నవంబరు రాత్రి సంగతి ఊళ్ళో చెప్పుకోరు.
కింద పడ్డవాడి తప్పు లేదు.
పైనుంచి వచ్చిన స్కేటుదీ లేదు.
మంచు గీకే యంత్రం ఆ రాత్రి బయటికి తియ్యలేదు.
పారలతో, చేత్తోనే గీకారు,
సగం లైట్లార్పి.

మర్నాడు ఏడింటికి, ఇంకా చీకటే,
హెల్వి తాళం తీసేసరికి
మెట్ల పొడుగునా మగవాళ్ళు.
చెట్లు కొట్టేవాళ్ళు, లారీ డ్రైవర్లు,
ఓ పళ్ళ డాక్టరు, తెర్హో.
వరసలో. మాట లేదు.
ఒక్కొక్కడూ లోపలికొచ్చి
కాలరు కిందికి లాగి, గడ్డం పైకెత్తాడు,
మంగలి ముందు కూర్చున్నట్టు.
ముప్ఫై తొమ్మిది. నలభై రెండు.
టేపు కింద, వేళ్ళ కింద, నాడి.
జీవితమంతా కొలతలు తీసిన మనిషి
ఒక్కో మెడనీ రెండేసిసార్లు కొలిచింది.
మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ.

ఇప్పుడు జనవరి. తూరెకి ఎనిమిదేళ్ళు,
ముందు పళ్ళు వాటంతట అవే ఊడినవాడు.
మెడ పట్టీ లాక్కుంటూ వచ్చాడు.
"దురద పెడుతోంది."
అంచు విప్పి, లోపల మెత్తటి నూలు వేసి
మళ్ళీ కట్టింది.
"ఇంకా పెడుతోంది."
సూది పళ్ళ మధ్యే ఉంచుకుని అంది హెల్వి:
"పెట్టనీ. మెడ ఉన్నవాడికే దురద."

వాడికి అర్థం కాలేదు.
గోక్కుంటూ మెట్లెక్కాడు,
ఒక బూటు లేసు
కట్టుకోకుండానే.