కాటా చీటీ

ప్యూబ్లోలో, ఉక్కు మిల్లు గొట్టాలు కనపడే వీధిలో
పాత బళ్ళమ్మే చోట
ఎర్ర ట్రక్కు ముందు ఫణీంద్ర
పెళ్ళిచూపులకొచ్చినవాడిలా నిలబడిపోయాడు.

"పదకొండు వేల పౌన్లు లాగుతుందమ్మా!"
డెల్బర్ట్ బానెట్ నిమిరాడు.
ఏనుగునైనా లాగుతుందట.
మాకున్నది ఏనుగు కాదు,
ఇరవై నాలుగడుగుల ట్రైలర్.
ముందు బండి కొనేసి
ఇప్పుడు ఎద్దును వెతుక్కుంటున్నాం.

నేను డ్రైవరు తలుపు తీశాను.
తలుపు సందులో, ఎవరూ వంగి చూడని చోట,
పసుపు చీటీ:
మనుషులూ సామానూ అంతా కలిపి
వెయ్యిన్నీ మూడువందల నలభై.
అంతే.

మా నాన్న సీతానగరం చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా.
చెరకు బండి పలకెక్కగానే
రైతు ముల్లు చూసేవాడు,
నాన్న ఎద్దు మెడ చూసేవాడు.
"ముందుకు మొగ్గితే మెడ పుండు,
వెనక్కి మొగ్గితే కాడి గాల్లోకి"
అనేవాడు, చెవి మీది పెన్సిలు తీస్తూ.

మందుల షాపు రసీదు వెనక నేనూ రాశాను.
నిండిన ట్రైలర్ ఆరువేల ఎనిమిది వందలు.
దాని ముక్కు ట్రక్కు మీద మోపే బరువు
నూటికి పదమూడు పాళ్ళు, అంటే ఎనిమిది వందల ఎనభై.
కలిపే ఇనుము ఎనభై.
ఫణి నూట తొంభై (అతని మాట ప్రకారం).
నేను నూట నలభై ఎనిమిది.
మిగిలింది నలభై రెండు.
వెట్ గ్రైండర్‌కి సరిగ్గా సరిపోతుంది.

"అయితే నన్ను దింపేస్తారా?" అంది నిహిర,
హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి తప్పించి.

డెల్బర్ట్ నవ్వాడు.
అందరూ అలాగే పోతారమ్మా, ఏమీ కాదు, అన్నాడు.
ఆ మాట నాకు తెలుసు.
డయాలిసిస్ సెంటర్లో నా పని మనుషుల్ని తూచడం,
సూదికి ముందోసారి, తర్వాతోసారి.
అరపౌను ఎక్కువైతే ఏమీ కాదంటారు వాళ్ళూ,
వాచిన కాళ్ళు దుప్పటి కింద దాచుకుని.

పక్కింటి ఆర్చులెటా, మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేసినవాడు,
మిరపకాయలు కాలుస్తూ ఒకటే అడిగాడు:
"లాగడం సరే, కనుమ దిగేటప్పుడు
ఎవరు ఎవర్ని తోస్తారు?"

చివరికి తెల్లది కొన్నాం.
నీళ్ళ డిపార్ట్‌మెంట్ వేలంలో వదిలించుకున్నది,
వెనక తలుపు మీద సొట్ట,
సీటులో ఎవరిదో టేపు కొలత.
అందం అడక్కండి.
చీటీ మాత్రం రెండువేల తొమ్మిది వందలు చెప్పింది.
ఫణి రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు,
మూడోరోజు దానికి నూనె మార్చాడు.

ప్రయాణం రోజు తెల్లారకముందే
హైవే పక్కన లారీల కాటా ఎక్కించాం.
పలక కింద అదే చిన్న వణుకు.
మైకులోంచి ఒకమ్మాయి:
"మొదటి తూకమా, మళ్ళీ తూకమా?"
జవాబుకి నాకు కొంచెం టైం పట్టింది.
చీటీ చేతికొచ్చాక
ఇరుసుకి ఇరుసు చదివాను, ముల్లు కాదు, మెడ.
నీళ్ళ డబ్బాలు రెండు ముందు నుంచి వెనక్కి మార్పించాను.
నిహిర విసుక్కుంది. మోసింది.

కొండెక్కుతుంటే ఎర్ర ట్రక్కొకటి,
అలాంటిదే, ఇంకా పెద్ద ట్రైలరుతో,
మమ్మల్ని దాటి ఊగుకుంటూ పోయింది.
ఫణి దాని వెనక చాలాసేపు చూశాడు.
నేను ఏమీ అనలేదు.

అవతల వైపు దిగుడు.
రెండో గేరు, ఇంజన్ గొంతు బొంగురు.
మలుపులో ఆ ఎర్రది పక్కకి ఆగి ఉంది,
చక్రాల దగ్గర పొగ, బ్రేకులు కాలిన వాసన,
ఒకాయన నడుం మీద చేతులు పెట్టుకుని.
ఫణి వేగం తగ్గించి, కిటికీ దించి,
నీళ్ళు కావాలా అని అడిగాడు.

వెనక గ్రైండర్ రాయి
ఉన్నచోటే ఉంది.