పాదం దగ్గర బకెట్టు

మంగళవారం పొద్దున్న, మైనస్ పంతొమ్మిది.
స్నోమొబైల్ ఆపేశాక
ముందు వినిపించేది ఇదే,
గుట్ట కింద నీళ్ళు.

చుట్టూ సరస్సులన్నీ గడ్డకట్టి నోరు మూసుకున్నాయి.
ఇదొక్కటే మాట్లాడుతుంది
రాగి తీసుకుని, పనికిరాదని పారబోసిన రాళ్ళలోంచి,
ఎర్రగా, ఆవిరి కక్కుతూ.

బకెట్టు పెడతాను. స్టాప్‌వాచ్ నొక్కుతాను.
పది లీటర్లు, పదకొండు సెకన్లు.
పెన్సిలే రాస్తుంది ఇక్కడ.
పెన్నులో సిరా నవంబరులోనే చచ్చింది.

ఈ గుట్ట నాన్న కట్టాడు.
ఒక్కడే కాదులెండి, ముప్ఫై ఏళ్ళు, మూడు షిఫ్టులు, ఎంతమందో.
కానీ మా వాల్‌ఫ్రీడ్ మాత్రం వంటింటి కిటికీలోంచి వేలు పెట్టి
"అదిగో, ఆ భుజం నాది" అనేవాడు.

అంచు దాకా వెనక్కి తెచ్చి లారీ తొట్టి ఎత్తితే
పెద్ద బండలు దొర్లుకుంటూ అడుక్కి పోతాయట,
పొడి పైనే ఆగిపోతుందట.
ఎవరూ చేట పట్టనక్కర్లేదు,
వాలే చెరుగుతుంది.
పళ్ళెం వంచి బఠాణీలూ ఉప్పూ పోసి చూపించాడొకసారి.
అమ్మ తిట్టింది.

అడుగున అంత పెద్ద సందులున్నాయి కదా,
నీళ్ళు పరిగెత్తుకొస్తాయనుకున్నాడు
స్టాక్‌హోం నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు.
జూన్‌లో, మంచు ఒక్కసారిగా కరిగినప్పుడు, నిజమే.
మిగతా రోజుల్లో
కొంచెం నీళ్ళకి పెద్ద దారంటే భయం.
సందు అంచుదాకా వచ్చి వేలాడతాయి, దూకవు.
పొడినే పట్టుకుని పొడిలోనే పాకుతాయి,
ఏడాదికి మనిషెత్తు, మరి కాస్త.
గుట్ట నలభై మీటర్లు.
లెక్క నేనే వేశాను, నిద్రపట్టని ఒక రాత్రి.

ఇవాళ నా బకెట్లో పడ్డది
ఇరవై ఏళ్ళ కిందటి మంచు.

అది నాన్నకి చివరి చలికాలం ఆ పైన.
టోపీ మీద పడ్డది దులుపుకుని
మళ్ళీ లారీ ఎక్కి ఉంటాడు.
ఆయన పోయి తొమ్మిదేళ్ళు.
ఆయన దులిపింది
ఇప్పుడొస్తోంది కిందికి.

యోవ్నా వచ్చాడు, కుక్కతో సహా.
ఉత్తరపు వాలు మీద వాడి రెయిన్‌డీర్లు ఏడు.
అక్కడ రాయి గాలిని తిని లోలోపల వేడెక్కుతుంది,
మంచు నిలవదు, వెచ్చగా ఉంటుందని ఎక్కుతాయి.
దింపడానికి వాడికి వారానికో పూట పోతుంది.

"ఎంత ఉంది?"
"మూడు పాయింట్ ఆరు."
"అంటే?"
"లింగన్ పండు కంటే నయం."
నవ్వలేదు. కాలవ కేసి చూశాడు.
"పైన మట్టి కప్పారుగా?"
కప్పాం. రెండేళ్ళయింది.
మీటరున్నర మందం, నా చేత్తోనే కొలిచాను.
కప్పిన సంగతి ఈ నీళ్ళకింకా తెలీదు యోవ్నా.
ఆ కబురూ మనిషెత్తు చొప్పునే దిగాలి.
ఇది తగ్గడం చూసేసరికి నాకు అరవై రెండు.

వాడు వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు.
తన వయసో, మందలో దూడల తరాలో.
కుక్కని పిలిచి వాలు ఎక్కిపోయాడు.

సీసా నింపాను. ఆమ్లం రెండు చుక్కలు.
గడ్డకట్టకుండా కోటు లోపల, పక్కటెముకల దగ్గర పెట్టుకోవాలి.
ముందు చీటీ.
చోటు: పాదం, నాలుగో గాటు.
పేరు: హిల్కా.
తేదీ అన్న గడి దగ్గర పెన్సిల్ కాసేపు ఆగింది.
ఇవాళ్టిదే రాశాను.

బకెట్లో మిగిలింది సున్నపు షెడ్డుకి పోయే కాలవలో ఒంపాను.
ఒక చుక్క చేతి తొడుగు మీద పడి
చూస్తుండగానే గట్టిపడింది.
దులుపుకున్నాను.